చూడటమే డ్యూటీ

నేను రాసిన ఒక్క వాక్యం ఎనిమిది మంది ప్రాణాల మీదికి తేబోయింది. పోనీ అబద్ధం రాశానా అంటే అదీ కాదు. కళ్ళారా చూసిందే రాశాను. అందుకే ఇన్నేళ్ళ తర్వాత తలచుకున్నా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ఇంకా కొన్నేళ్ళ టైముంది. దోహా అంతా తవ్వి పోసి ఉండేది. నిన్న ఉన్న రోడ్డు ఇవాళ ఉండేది కాదు. ఏ మీటింగులో కూర్చున్నా "కప్పు వచ్చేలోగా" అన్నమాట కనీసం పదిసార్లు వినపడేది. నేను అల్ హిలాల్‌లో ఒక విల్లాలో నడిచే ఆఫీసులో సెక్రటరీని. అది కంపెనీ కాదు, కంపెనీల సంఘం. కొత్త మెట్రో రైలుకు సొరంగాలు తవ్వేవాళ్ళు, పట్టాలు వేసేవాళ్ళు, రైలు పెట్టెలు తెచ్చేవాళ్ళు, సిగ్నళ్ళు బిగించేవాళ్ళు, రేపు బండ్లు నడపబోయేవాళ్ళు, ఈ పనులన్నిటికీ మనుషులకు శిక్షణ ఇచ్చేవాళ్ళు, మొత్తం ఆరు కంపెనీలు కలిసి పెట్టుకున్న సంఘం.

దాని పనేమిటని మా ఆయన చాలాకాలం అడుగుతూనే ఉన్నాడు. ఆయన మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. యూరియా బస్తా కళ్ళకు కనిపిస్తుంది, మా ఆఫీసులో తయారయ్యేది కనిపించదు కదా. ఒకరోజు విసుగొచ్చి ఇలా చెప్పాను: "మన కృష్ణా జిల్లాలో పంచాయితీకి వెళ్ళేముందు అన్నదమ్ములంతా లోపల గదిలో కూర్చుని ఒక మాట అనుకుంటారా లేదా? లోపల ఎంతైనా కొట్టుకోవచ్చు. అరుగు మీదికి వచ్చాక మాత్రం అందరిదీ ఒకే మాట. మా సంఘం ఆ లోపలి గది." రైళ్ళ గురించి ప్రభుత్వం ఏదైనా రూలు రాయబోతే ముసాయిదా ముందు మాకు పంపి అభిప్రాయం అడిగేది. ఆరు కంపెనీలూ విడివిడిగా ఆరు ఉత్తరాలు రాస్తే వాటికి విలువుండదు. ఆరుగురి తరఫునా ఒకటే ఉత్తరం వెళ్తే రూలు మారిపోయేది. ఆ ఉత్తరం టైపు చేసేదాన్ని నేను.

మీటింగులో ఒక ఆనవాయితీ ఉండేది. ముసాయిదా ఉత్తరాన్ని నేను పైకి చదవాలి. అధ్యక్షుడు "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడగాలి. ఎవరూ నోరు విప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఎవరైనా కాదంటే ఆ కంపెనీ పేరు మినిట్స్‌లో రాయాలి, ఆ మినిట్స్ నకలు ప్రభుత్వానికి వెళ్తుంది. ప్రభుత్వం దగ్గర పేరు పాడుచేసుకోవడం ఎవడికి కావాలి? అందుకని నేను చేరినప్పటినుంచీ అభ్యంతరం అన్న మాట నేను రాసిన పాపాన పోలేదు.

బండ్ల ట్రయల్ రన్స్ మొదలైన కొత్తలో ఒక ముసాయిదా వచ్చింది. పట్టాల మీద గ్యాంగు పనిచేస్తున్నప్పుడు, వచ్చే బండిని చూసి ఈల ఊది హెచ్చరించే మనిషి ఒకడుంటాడు. సైటులో అతన్ని లుకౌట్ అంటారు. అతనికి చూడటం తప్ప వేరే ఏ పనీ చెప్పకూడదన్నది కొత్త రూలు. కంపెనీలకు అది మింగుడు పడలేదు. ఒక మనిషిని రోజంతా ఊరికే నిలబెట్టడమా? గ్యాంగులోనే ఒకడు పని చేసుకుంటూ చూస్తే సరిపోదా? సరే, ముందు సైటు చూసొద్దామన్నారు. అధ్యక్షుడు, కంపెనీల ప్రతినిధులు, రాసుకోవడానికి నేను, ఊరి చివర ఎండలో పరుచుకున్న రైలు యార్డుకు వెళ్ళాం.

మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. "ప్రాణం పోకడ, బండి రాకడ ఎవరికీ తెలియవే" అనేవాడు. మాకు బొగ్గు బండ్లు పోయి కరెంటు బండ్లు వచ్చినప్పుడు ఆయన మొదట భయపడింది చప్పుడు తగ్గినందుకే. ఈ మెట్రో బండికి ఆ కాస్త చప్పుడు కూడా లేదు. పిల్లిలా వస్తుంది. అందుకని యార్డులో నేను ముందు వెతికింది లుకౌట్ కోసమే. ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, మడతలు కూడా పోని కొత్త పసుపు జాకెట్టు, నోట్లో ఈల, చేతిలో జెండాలు, చూపు పట్టాల చివర. పక్కన రెంచి లేదు, సుత్తి లేదు. అరగంట చూశాను, తల తిప్పలేదు. నాకు భలే ముచ్చటేసింది.

అంతలో మా ఆయన ఫోను. పప్పు డబ్బా ఎక్కడుందట. "మీ ముక్కు కిందే ఉంటుంది, కాస్త కళ్ళు తెరవండి" అని కసిరాను. ఫోను పెట్టేసరికి ఆ లుకౌట్ ఈల పక్కకు తీసి, చూపు మాత్రం తిప్పకుండా, "మీరు తెలుగోళ్ళా మేడం? మాది జగిత్యాల దిక్కు" అన్నాడు. ఇంకేదో అనబోయాడు. సూపర్‌వైజర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ రావడంతో మళ్ళీ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

ఆఫీసుకు వచ్చి నోటు రాశాను. "కాపలా ఉన్న వ్యక్తికి వేరే పని ఏదీ లేదు. అతని దృష్టి పూర్తిగా పట్టాల మీదే ఉంది. నేను స్వయంగా చూశాను." ఆ రూలుకు మంచి సాక్ష్యం దొరికిందని నా సంబరం. వారం తిరక్కుండా అధ్యక్షుడి దగ్గర్నుంచి ఉత్తరం ముసాయిదా వచ్చింది. చదివి కూలబడ్డాను. "మా సెక్రటరీ నమోదు చేసినట్టుగా, ఈ మంచి పద్ధతి కంపెనీలు ఇప్పటికే స్వచ్ఛందంగా పాటిస్తున్నాయి. కాబట్టి ప్రత్యేకంగా రూలు అవసరం లేదు. ఎవరిని కాపలా పెట్టాలో కంపెనీలకే వదిలేయాలి." నా వాక్యంతోనే రూలు గొంతు కోశారు.

ఆ శుక్రవారం పొద్దున ఉమ్ ఘువైలినాలో మా ఫ్లాటు కింద కిరాణా కొట్టుకు వెళ్ళాను. క్యాంపులనుంచి వచ్చిన మనవాళ్ళతో కొట్టు కిటకిటలాడుతోంది. పచ్చడి సీసాల దగ్గర నిలబడి ఉన్నవాణ్ణి చూడగానే గుర్తుపట్టాను.

"అక్కా, గా దినం యార్డుకు వచ్చింది మీరే గదా?"

"నేనే తమ్ముడూ. నీ పని చూసి చాలా సంతోషమేసింది."

అతను నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గదే చెప్దామనుకున్న. మీరొస్తున్నరని నన్ను గట్ల నిలవెట్టిండ్రక్కా. కొత్త జాకెట్ ఇచ్చిండ్రు, మీరు పోంగనే తీసుకున్నరు. రోజైతే నేను గూడ నట్లు బిగించుడే. నట్టు దిక్కు చూడాల్నా, బండి దిక్కు చూడాల్నా? ముంగట ఎనిమిది మంది ఉంటరు. అండ్ల ఇద్దరు మా ఊరోళ్ళే. మొన్న బండి ఇగో, గీ గోడంత దూరం దాంక వచ్చినంక చూసిన. నాకు నిద్ర పడ్తలేదక్కా."

మా చిన్నప్పుడు పెద్దాఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నాడంటే ముందురోజు మా నాన్న గ్యాంగంతా పట్టాల పక్క రాళ్ళకు సున్నం వేసేది. నేనే బకెట్టు మోసేదాన్ని. ఆఫీసరు ఆ తెల్ల రాళ్ళు చూసి మురిసిపోతుంటే మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. అలాంటి ఇంట్లో పుట్టిన దాన్ని, మడతలు పోని జాకెట్టు చూసి కూడా మోసపోయాను. ఇంత చదువుకుని, ఇంత తెలివి ఉందనుకుని, ఆఖరికి ఆ ఆఫీసరులా తయారయ్యాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేను సరిచేస్తాను" అన్నాను.

"నా పేరు మాత్రం చెప్పకక్కా. ఎరుకైతే తెల్లారి విమానం ఎక్కిస్తరు."

"చెప్పను. నా మీద ఒట్టు" అని, నా ఫోను నెంబరు రాసిచ్చాను.

ఆదివారం ఆఫీసు తెరవగానే అధ్యక్షుడి గదిలోకి వెళ్ళాను. తెల్లజుట్టు పెద్దమనిషి, చెడ్డవాడేం కాదు, గొడవంటే పడదంతే. నోటు మార్చాలన్నాను. "మీరు చూసింది మీరు చూడలేదంటారా?" అన్నాడు. ఆ రోజు మనకోసం నిలబెట్టారన్నాను. "ఎవరు చెప్పారు?" అని వెంటనే అడిగాడు. పేరు చెప్పలేనన్నాను. పేరు లేని మాట రికార్డులోకి రాదని చెప్పి టీ తాగమన్నాడు. తాగలేదు.

ప్రతినిధులకు ఒక్కొక్కరికీ ఫోను చేశాను. పట్టాల కంపెనీ ఆయన "మీరు చెప్పేది నిజమే, మాకు తెలియందా" అన్నాడు. సిగ్నళ్ళ ఆయన నిజమేనన్నాడు. బండ్లు నడపబోయే కంపెనీ ఆవిడైతే పాపం చాలా బాధపడింది కూడా. మరి మీటింగులో చెప్తారా అంటే, మిగతా ఐదుగురూ ఒకటంటే మేం వేరే ఎలా అంటాం అని అందరిదీ ఒకటే పాట. సంఘం కట్టుకున్నదే ఒకే మాట మీద ఉండటానికట. ఆరుగురికీ నిజం తెలుసు, ఆరుగురూ కలిసి అబద్ధం చెప్పబోతున్నారు. దీన్ని ఏ భాషలో తిట్టాలో నాకు తెలియలేదు.

ఇంట్లో పళ్ళేలు టపటపా పెడుతుంటే మా ఆయన, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడు.

"కందకు దురద ఉందండీ. నోరే లేదు."

"ఉద్యోగం పోతే?"

"పోతే మీరున్నారుగా, యూరియా అమ్మి పోషిస్తారు." ఆయన పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. కాసేపటికి, "శుక్రవారం చర్చికి వస్తావా, లేదా?" అని మాత్రం అడిగాడు. నా మనసులో ఏముందో ముందే కనిపెట్టేశాడు.

శుక్రవారం ఇక్కడ మాకు ఆరాధన రోజు. పెళ్ళయ్యాక ఒక్క ఆరాధన మానలేదు. ఆ రోజు మానేశాను. ఆయన ఒక్కరే బైబిలు పట్టుకుని వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, "నీళ్ళ సీసా తీసుకెళ్ళు, ఎండ" అన్నాడు. సైటు సందర్శనకు ఇచ్చిన గేటు పాసు నెలాఖరు దాకా చెల్లుతుంది. వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. హెల్మెట్, బూట్లు వేసుకుని గేటులో పాసు చూపిస్తే సెక్యూరిటీ అతను సలాం కొట్టి లోపలికి పంపాడు.

ఒక్క అతని గ్యాంగునే చూస్తే నాకు చెప్పింది అతనేనని తేలిపోతుంది. అందుకని యార్డంతా తిరిగాను. శుక్రవారమైనా నాలుగు చోట్ల పని జరుగుతోంది. నాలుగు చోట్లా లుకౌట్ చేతిలో పనిముట్టు ఉంది. ఒకడు సిమెంటు స్లీపర్ల కింద కంకర సర్దుతున్నాడు, ఒకడు కేబుల్ లాగుతున్నాడు, ఒకడు కొలత టేపు పట్టుకున్నాడు. నాలుగోవాడు మన జగిత్యాల అబ్బాయి. జెండాలు చంకలో ఇరికించుకుని, ఈల నోట్లో పెట్టుకుని, వంగి నట్టు బిగిస్తున్నాడు. నన్ను చూడలేదు. తల ఎత్తుతున్నాడు, దించుతున్నాడు, మళ్ళీ ఎత్తుతున్నాడు. నట్టు మొండికేసినట్టుంది, ఈసారి తల లేవలేదు.

అప్పుడే వంపులోంచి ట్రయల్ బండి వచ్చింది. చప్పుడే లేదు. నాకు నోటు గుర్తులేదు, సంఘం గుర్తులేదు, ఇంగ్లీషు అసలే గుర్తులేదు. మా నాన్న గ్యాంగు అరిచినట్టు గుక్క పట్టి "బండీ! బండి వస్తోంది, తప్పుకోండ్రోయ్!" అని కేకేశాను. తెలుగు వచ్చినవాళ్ళు ముగ్గురే, అయినా అందరూ దూకేశారు. ఆ కేకకు భాషతో పనిలేదు. బండి వాళ్ళు నిలబడిన చోటు దాటి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అబ్బాయి రెంచి పక్కన పడేసి పట్టాల వార కూర్చుండిపోయాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. వెళ్ళి ఓదార్చాలనిపించింది, కానీ తెలిసినట్టు కనిపిస్తే అతని కొంపే మునుగుతుంది. అపరిచితురాలిలా నిలబడి, పరుగెత్తుకొచ్చిన సూపర్‌వైజర్‌కు నా కార్డు ఇచ్చాను.

ఆదివారం పొద్దునే అధ్యక్షుడు పిలిచాడు. "ఎవరి అనుమతితో వెళ్ళారు?"

"పాసు మీరు సంతకం చేసిందే సర్."

"రేపు మీటింగులో ఉత్తరం చదవండి. అంతకుమించి ఒక్క మాట కూడా వద్దు. మీ ఉద్యోగం గురించి నాకు శ్రద్ధ ఉంది కాబట్టి చెబుతున్నాను." బెదిరింపును ఇంత మర్యాదగా చెప్పడం ఆయన్ని చూసే నేర్చుకోవాలి.

సోమవారం ఆరుగురూ వచ్చారు. ఉత్తరం చదవడం మొదలుపెట్టాను. "మా సెక్రటరీ నమోదు చేసినట్టుగా" అన్నచోట ఆగాను. ఉత్తరం పక్కన పెట్టి నా కాగితం తీశాను. వెనక్కి తగ్గదలుచుకోలేదు.

"ఉత్తరంలో నా నోటు ప్రస్తావన ఉంది. ఆ నోటులో ఇప్పుడు రెండు రోజుల సంగతులున్నాయి. రెండో రోజుది కూడా చదువుతాను" అన్నాను. అధ్యక్షుడు చెయ్యి ఎత్తాడు. నేను కాగితం మీదనుంచి కళ్ళెత్తలేదు. నాలుగు గ్యాంగులు, నాలుగు పనిముట్లు, వంపులోంచి వచ్చిన బండి, నేను వేసిన కేక, అన్నీ చదివాను. మొదటి రోజు నేను చూసింది సందర్శకుల కోసం చేసిన ఏర్పాటని, దాన్ని కనిపెట్టలేకపోవడం నా తప్పేనని కూడా చదివాను. ఆఖర్న, ఎప్పుడూ అధ్యక్షుడు అడిగే మాట నేను అడిగాను.

"ఇందులో దేనికైనా ఎవరికైనా అభ్యంతరమా? ఉంటే కంపెనీ పేరు చెప్పండి, రాసుకుంటాను."

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పట్టాల కంపెనీ ఆయన బల్ల వైపు చూస్తున్నాడు. కాదంటే, బండి కింద మనుషులు పడబోయిన సంగతి అబద్ధమని చెప్పినవాడిగా ఆయన కంపెనీ పేరు ప్రభుత్వానికి వెళ్తుంది. ఎవరూ నోరు విప్పలేదు. ఇన్నేళ్ళుగా కంపెనీలకు అచ్చొచ్చిన ఆనవాయితీ ఆ రోజు నాకు అచ్చొచ్చింది.

అప్పుడు శిక్షణ కంపెనీ ఆయన దగ్గి, "కాపలా మనిషి ఉండాల్సిందే అయితే, అతను రాత పరీక్ష పాసై సర్టిఫికెట్ పొంది ఉండాలని కూడా రాద్దాం" అన్నాడు. హమ్మయ్య, ఒకడు కలిశాడనుకున్నాను. ఆ వాక్యం అక్కడికక్కడే నా చేతులతో టైపు చేశాను. సంఘం ఉత్తరం మారింది. కొన్నాళ్ళకు రూలు అచ్చయింది: చూడటం తప్ప వేరే పని చెప్పకూడదు. నా ఉద్యోగం పోలేదు. అధ్యక్షుడు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ టీ తాగమనలేదు. ఆ సాయంత్రం నేను చికెన్ పులావు చేస్తే మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

చలికాలంలో ఒక శుక్రవారం ఆరాధన అయి బయటికి వస్తుంటే ఫోను మోగింది. కొట్టులో కలిసినప్పుడు ఇచ్చిన నెంబరుకు ఆ అబ్బాయే చేశాడు.

"రూలు మంచిగ నడుస్తుందక్కా. ప్రతి గ్యాంగుకు ఒక మనిషి, ఉత్త చూసుడే."

"ఇప్పుడు నిద్ర పడుతోందా తమ్ముడూ?"

"నేను ఇప్పుడు లుకౌట్ కాదక్కా. పరీక్ష పెట్టిండ్రు. పేపరంత ఇంగ్లీషుల ఉండె. జవాబులన్ని నాకు ఎరుకే, గని ప్రశ్న చదువుడు రాదాయె. ఫెయిల్ చేసిండ్రు. ఒక నేపాలాయన పాసయిండు. నన్ను పట్టాల నడుమ ఏసిండ్రు, నట్లు బిగించెతందుకు."

చర్చి మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. ఆ వాక్యం టైపు చేసింది నేను. మనిషి కళ్ళు చూడాల్సిన పరీక్షలో ఇంగ్లీషు చూస్తారని నాకు తట్టలేదు. రెండోసారి కూడా నా చెయ్యే. ఏడుపొచ్చింది. "క్షమించు తమ్ముడూ" అన్నాను.

"నువ్వేం చేసినవక్కా? ఇను. మా వెనుక నిలవడ్డ నేపాలాయన చేతుల ఏం లేదు, నోట్లె ఈల తప్ప. నేను తల వంచుకొని నా పని చేసుకుంటున్న. నేను ఈడికొచ్చినకాడికెల్లి ఇదే మొదలు, ఎనుకకు మర్రి చూస్తలేను."

కళ్ళు తుడుచుకున్నాను. ఏడుస్తూ కూర్చుంటే పరీక్ష మారదు. "పరీక్ష నోటితో పెట్టాలి, హిందీలో పెట్టాలి అని రేపటి నుంచే కొత్త కాగితం మొదలుపెడతాను. నీకు జరిగింది రాస్తాను. భయపడకు, పేరు రాయను" అన్నాను.

"పేరు పెట్టే రాయక్కా. ఇప్పుడు నేను చెప్పేది ఒగలి మీద చాడీ కాదు గదా. నాకు చూసుడు వస్తది. గంతే. అది రాయి."

పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే, ఒక్కొక్క అక్షరం చెప్పమన్నాను. అతను ఇంగ్లీషు అక్షరాలు తడుముకుంటూ, మధ్యలో ఒకసారి తప్పుపోయి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. చేతిలో ఉన్న చర్చి పాటల పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను.